పాత ఇంటి ఫ్యూజు బోర్డు మారుస్తున్నాం, ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్ పెట్టి తీరాలా?

హంద్రీ గట్టు కోడలు, కర్నూలు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది కర్నూలు పాతబస్తీ, హంద్రీకి దగ్గర్లో. 1981లో మా మామయ్య కట్టించిన ఇల్లు. కింద బేతంచెర్ల బండలు పరిచిన నాలుగు గదులు, మిద్దె మీద ఒక గది. పైగదిలో ఇప్పటికీ టేకు పట్టీల మీద రేకు క్లిప్పులు కొట్టి లాగిన వైరింగే ఉంది. కింద మాత్రం 1994లో గోడ చెక్కి పైపులు వేసి కొత్త వైర్లు లాగారు. మెయిన్ బోర్డు అంటే ఒక చెక్క పలక, దాని మీద ఒక ఇనుప మెయిన్ స్విచ్, ఆరు కిట్‌క్యాట్ ఫ్యూజులు. ఐదు ఫ్యూజులు ఏవేవి దేనివో మాకు తెలుసు. ఆరోది తీస్తే ఇంట్లో ఏదీ ఆగదు. దాన్ని ఎవరూ ముట్టుకోరు.

2009 అక్టోబరు వరద మీకు గుర్తుండే ఉంటుంది. మా కింది గదుల్లో స్విచ్ బోర్డులు మునిగి, ఇంకో రెండడుగులు పైకి వచ్చాయి నీళ్లు. తర్వాత స్విచ్‌లు, సాకెట్లు మార్చాం. వైర్లు మాత్రం ఆరితే చాలనుకున్నాం. అప్పట్లో చేతిలో ఉన్న డబ్బంతా బియ్యానికి, మంచాలకే సరిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మే నెలలో వెనక గదిలో ఏసీ వేసుకుని పడుకున్నాం. రాత్రి రెండింటప్పుడు ఏదో కాలుతున్న వాసన. చేపలు మాడినట్టు ఉంటుంది, ఒకసారి పీలిస్తే మర్చిపోరు. లైటు వేసి చూస్తే ఏసీ ప్లగ్గు పెట్టిన 16 ఆంపియర్ సాకెట్ ఒక మూల గోధుమ రంగుకు తిరిగింది. ప్లగ్గు లాగితే రాలేదు, పిన్ను సాకెట్‌కు అతుక్కుపోయింది. ఫ్యూజు కొట్టేయలేదు. తెల్లారి ఆ కిట్‌క్యాట్ ఊడదీసి చూస్తే ఫ్యూజు వైరు ఒక పోగు ఉండాల్సిన చోట ఎవరో మహానుభావుడు మూడు పోగులు మెలిపెట్టి కట్టాడు. ఆ మహానుభావుడు మా ఆయనే అని నా అనుమానం, ఆయన ఒప్పుకోడు.

సరే, బోర్డు మార్చేద్దాం అనుకున్నాం. మా ఎలక్ట్రీషియన్ కొత్త డీబీ (బ్రేకర్లుండే పెట్టె), ఎంసీబీలు (ఫ్యూజుల బదులు పెట్టే మామూలు బ్రేకర్లు), కూలీ కలిపి 14 వేలు చెప్పాడు. ఇల్లంతా వైర్లు మార్చాలంటే 95 వేలు. మా దగ్గర ఉన్నది 50.

ఈలోగా డాలస్ దగ్గరుండే మా తమ్ముడితో ఫోన్లో ఈ మాట వచ్చింది. వాడు 1974లో కట్టిన పాత ఇల్లు కొన్నాడు, వాడూ ఇప్పుడు ప్యానెల్, అంటే అక్కడి మెయిన్ బోర్డు, మార్పిస్తున్నాడు. వాడి కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్‌లో గదికొకటి చొప్పున ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లు (వైరులో నిప్పురవ్వలు లేస్తే కరెంటు ఆపేవి) ఉన్నాయట, మామూలు బ్రేకర్లకు ఎన్నో రెట్లు ధర. "ఎన్‌ఈసీ ప్రకారం, అంటే కరెంటు పనుల కోడ్ ప్రకారం, పెట్టి తీరాలక్కా. నీ సాకెట్ కాలినప్పుడు అది ఉంటే ఠక్కున పడిపోయేది. సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో నాలుగు తెస్తా" అన్నాడు. ఈ మాట మా ఎలక్ట్రీషియన్‌కు చెబితే నవ్వి, "ఆర్క్ అంటే వెల్డింగ్ షాపులో ఉంటుంది కదమ్మా, ఇంట్లో ఎందుకుంటుంది" అన్నాడు.

కాబట్టి నా ప్రశ్నలు. మన దగ్గర ఇది తప్పనిసరా? తమ్ముడు తెచ్చేవి ఇక్కడ పనికొస్తాయా? ఉన్న 50 వేలతో బోర్డు మార్చి ఈ బ్రేకర్లు పెట్టుకుంటే వైర్లు ఇంకో ఐదేళ్లు నడుస్తాయా? టెన్షన్‌తో రాత్రి ఏసీ వేయడం మానేశాం, కర్నూలు ఎండల సంగతి మీకు చెప్పాలా.

సీమ వైర్‌మ్యాన్, అనంతపురం:

అక్కా, సూట్‌కేసు సంగతి ముందు తేల్చేద్దాం. తేవద్దని చెప్పండి. అక్కడి గదుల్లో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. పైగా వాళ్ల బ్రేకర్ ఆ ప్యానెల్‌లోని బస్ బార్‌కు (కరెంటు పంచే లోహపు పట్టీకి) గుచ్చుకునేలా చేసింది. మన డీబీలో బ్రేకర్లు తగిలించే రైలు పట్టీ మీద కూర్చోదు. బలవంతంగా ఎవడైనా కడితే అదే పెద్ద ప్రమాదం. మన 230 వోల్టులకు చేసిన సరుకు వేరే ఉంది, దాన్ని ఏఎఫ్‌డీడీ అంటారు. అనంతపురం షాపుల్లో అడిగితే ముఖం చూస్తారు, నేను రెండుసార్లు బెంగళూరు నుంచి తెప్పించాను. ఎంసీబీ ధరతో పోల్చుకోకండి, గుండె ఆగుతుంది.

మీ ఎలక్ట్రీషియన్ మాటలో సగం నిజం ఉంది. వెల్డింగ్ రాడ్డుకూ ఇనుముకూ మధ్య సందులో మెరిసేదే ఆర్క్. ఇంట్లో ఆ సందు ఎక్కడొస్తుంది? వదులైన స్క్రూ కింద, ఎలుక కొరికిన వైరులో, మంచం కోడు కింద నలిగిన ఎక్స్‌టెన్షన్ వైరులో, బండ మేకు దిగిన పైపులో. వెల్డింగ్ షాపులోది కంటికి కనబడుతుంది, ఇది గోడలో ఉంటుంది. అంతే తేడా.

ఇక ఫ్యూజు ఎందుకు పోలేదు? మూడు పోగుల సంగతి పక్కన పెట్టండి, ఒక్క పోగున్నా పోయేది కాదు. మీ ఏసీ 7 ఆంపియర్లు లాగుతుందనుకోండి. సాకెట్ వదులైనా లాగేది ఆ 7 ఆంపియర్లే, ఎక్కువ కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అందులో తప్పేమీ కనబడదు. ఆ వదులు దగ్గర అర ఓం రెసిస్టెన్స్ చేరిందంటే 7 ఇంటూ 7 ఇంటూ అర, 24 వాట్లకు పైనే. అంటే రాత్రంతా ఒక సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ సాకెట్‌లో గుచ్చి ఉంచినట్టు. కొత్త ఎంసీబీ బోర్డు పెట్టుకున్నా ఈ సాకెట్ ఇలాగే కాలేది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చాలామంది బోర్డు మార్చి ఇల్లు మారిందనుకుంటారు.

ఇంకో చేదు మాట. మీ సాకెట్‌ను ఏఎఫ్‌డీడీ కూడా పట్టుకునేదని నేను హామీ ఇవ్వను. అది కరెంటు అలలో ఆర్క్ చేసే గరగరను వెతుకుతుంది. ఆర్క్ లేకుండా ఊరికే ఎర్రగా కాగే కాంటాక్టు దానికి కనబడకపోవచ్చు. అలాంటిదానికి మందు స్క్రూడ్రైవరే. మంచి సాకెట్, సరైన సైజు వైరు, బిగించిన స్క్రూ.

కడప తిరిగొచ్చినోడు, కడప:

అమ్మా, నేను పదకొండేళ్లు అమెరికాలో ఎలక్ట్రికల్ డిజైన్ ఆఫీసులో పనిచేసి, ఇప్పుడు కడపలో ఉంటున్నాను. మీ తమ్ముడి మాటలో ఒక చిన్న తికమక ఉంది, అది విప్పితే సగం ప్రశ్నలు తేలిపోతాయి. ఎన్‌ఈసీ అనే పేరు రెండు పుస్తకాలకు ఉంది. ఒకటి అమెరికాది, ఎన్‌ఎఫ్‌పీఏ 70. మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది. రెండోది మన బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వాళ్లది, ఎస్‌పీ 30. అది మొదట 1985లో, తర్వాత 2011లో, ఇటీవల 2023లో వచ్చింది. డాలస్ కాంట్రాక్టరు చెప్పేది మొదటిది. దానికీ పాతబస్తీలోని మీ ఇంటికీ సంబంధం లేదు.

అమెరికాలో ఈ నిబంధన ఒక్కసారిగా రాలేదు. 1999 ఎడిషన్‌లో పడకగది సాకెట్లకు పెట్టారు, అమలు 2002 జనవరి నుంచి. 2008లో హాలు, భోజనాల గది లాంటివి చేరాయి. 2014లో వంటిల్లు, బట్టలుతికే గది. బాత్రూం, గ్యారేజీ ఈ జాబితాలో లేవు, అక్కడ అడిగేది లీకేజీ రక్షణ. ఈ నిబంధన ఉన్నది 210.12 సెక్షన్‌లో, తమ్ముడికి ఆ నంబరు చెప్పండి.

ఇప్పుడు తమ్ముడికి పనికొచ్చే మాట. పాత ఇంట్లో ప్యానెల్ ఒక్కటే మార్చి, పాత సర్క్యూట్లను అలాగే కొత్త ప్యానెల్‌కు కలిపితే, అన్నిటికీ ఆర్క్ ఫాల్ట్ పెట్టాలని కోడ్ అనదు. సర్క్యూట్‌ను మార్చినా, పొడిగించినా పెట్టాలంటుంది. దానికీ ఒక మినహాయింపు ఉంది. పాత వైరును ఆరడుగులకు మించకుండా పొడిగించి, కొత్త సాకెట్లు గానీ లైట్లు గానీ చేర్చకపోతే అక్కర్లేదు. 2020 ఎడిషన్‌లో ఇంకా స్పష్టంగా రాశారు, ప్యానెల్ పెట్టె లోపల ఉండే వైరు ఆ ఆరడుగుల్లోకి రాదని. కొత్త ప్యానెల్ పాతదాని చోటే పెడితే చాలా ఇళ్లు ఈ మినహాయింపులోకి వస్తాయి. అదే ప్యానెల్‌ను గ్యారేజీలోకి జరిపి, వైర్లన్నిటికీ పన్నెండేసి అడుగుల అతుకు వేస్తే కథ మారుతుంది. పడకగదిలో కొత్త సర్క్యూట్ లాగినా మారుతుంది. చివరికి ఆ గదుల్లో పాత సాకెట్ తీసి కొత్తది పెట్టినా ఆర్క్ ఫాల్ట్ రక్షణ అడుగుతారు, అది 406.4లో ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. తమాషా ఏమిటంటే, ప్యానెల్ మార్పు వల్ల నేరుగా మెడకు చుట్టుకునేవి వేరే ఉన్నాయి: 2020 నుంచి సర్జ్ ప్రొటెక్షన్ (హఠాత్తుగా ఎగిసే వోల్టేజీ నుంచి రక్షణ), ఇంటి బయట ఎమర్జెన్సీ డిస్‌కనెక్ట్ (మొత్తం కరెంటు ఆపే స్విచ్). కొటేషన్‌లో అవి ఉన్నాయో లేదో చూడమనండి. చివరి మాట మాత్రం వాళ్ల ఊరి ఇన్‌స్పెక్టరుదే. ఏ ఎడిషన్ అమల్లో ఉందో, నగరం ఏం సవరించిందో ఊరికో తీరు. కాంట్రాక్టరు నోటి మాట కాకుండా పర్మిట్ ఆఫీసుకు ఒక ఫోన్ చేస్తే సరిపోతుంది.

మన సంగతికి వస్తే, అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364లో 2014 సవరణ పడుకునే గదుల్లాంటి చోట్ల ఏఎఫ్‌డీడీ పెట్టుకోవడాన్ని సిఫార్సు చేసింది. బ్రిటన్‌లో 2022 నుంచి ఎత్తైన నివాస భవనాలు, విద్యార్థుల వసతి గృహాలు, వృద్ధుల ఆశ్రమాల వంటి వాటిలో సాకెట్ సర్క్యూట్లకు తప్పనిసరి చేశారు, మామూలు ఇళ్లకు సిఫార్సు వరకే. మీలాంటి ఇంటికి ఇక్కడ బలవంతం లేదు. కానీ ఇక్కడ నిజంగా నిబంధన ఉన్నదాన్ని మీ కొటేషన్‌లో నేను చూడలేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనల్లోనే, తక్కువ లోడున్న కనెక్షన్లు తప్ప, ఇళ్లకు లీకేజీ రక్షణ ఉంది, హద్దు 30 మిల్లీ ఆంపియర్లు. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి, లీకేజీ రక్షణ పోలేదు. డీబీ, ఎంసీబీలు అన్నారు గానీ ఆర్‌సీసీబీ, అంటే ఈ లీకేజీని పట్టుకునే బ్రేకర్, మాట రాయలేదు. ఉందా?

ఉగ్గాని బజ్జి, ఆదోని:

ఇవన్నీ కంపెనీల వ్యాపారం సామీ. మా నాన్న ఇల్లు యాభై ఏళ్లు కిట్‌క్యాట్‌తోనే నడిచింది, ఎవరికీ ఏం కాలేదు.

సీమ వైర్‌మ్యాన్, అనంతపురం:

యాభై ఏళ్ల కింద మీ నాన్న ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో ఉండి ఉంటాయన్నా. ఇప్పుడు అదే వైరు మీద ఏసీ, గీజరు, ఫ్రిజ్, ఇండక్షన్ పొయ్యి. కిట్‌క్యాట్‌ది తప్పు కాదు, దానికి మనం పెట్టిన బరువుది.

హంద్రీ గట్టు కోడలు, కర్నూలు:

సార్, తమ్ముడికి మీ పోస్టు యథాతథంగా పంపాను. "ఆరడుగుల సంగతి కాంట్రాక్టరు చెప్పనేలేదే" అని వెంటనే పర్మిట్ ఆఫీసుకు ఫోన్ చేస్తానన్నాడు.

ఆర్‌సీసీబీ కొటేషన్‌లో లేదు. అడిగితే మా ఎలక్ట్రీషియన్ "పెడితే ఊరికే పడిపోతుంటుందమ్మా, మళ్లీ నాకే ఫోన్ చేస్తారు, పాత ఇళ్లకు వద్దు" అన్నాడు. పోయినేడు ఒకరింట్లో పెట్టి, నాలుగు రోజులకే దాన్ని తప్పించి డైరెక్ట్ చేశాడట. ఇది నిజమేనా? ఇంకొకటి, పైగదికి ఎర్త్ వైరే లేదు, రెండే వైర్లు. ఎర్త్ లేకుండా అది పనిచేస్తుందా?

సీమ వైర్‌మ్యాన్, అనంతపురం:

పడిపోతుంది, నిజమే. ఎందుకు పడిపోతుందో వెతకడం మానేసి దాన్నే పీకేయడం, కుక్క మొరుగుతోందని కుక్కను తరిమి దొంగకు తలుపు తీసినట్టు.

ఆర్‌సీసీబీ చేసేది ఒకటే లెక్క. ఫేజులో వెళ్లింది ఎంత, న్యూట్రల్‌లో తిరిగొచ్చింది ఎంత. తేడా వచ్చిందంటే ఎక్కడో కారిపోతోందని అర్థం. దానికి ఎర్త్ వైరు అక్కర్లేదు. కానీ ఎర్త్ లేని చోట ఆ కారే కరెంటుకు దారి దొరికేది మీరు ముట్టుకున్నప్పుడే. అంటే షాక్ తగిలాక పడుతుంది, ఎర్త్ ఉంటే తగలకముందే పడుతుంది. కాబట్టి ఎర్త్ లాగించండి. ఎర్త్ గుంత ఉందా? ఉంటే ఈ ఎండల్లో రెండు బిందెల నీళ్లు పోస్తున్నారా? మన నేలలు ఏప్రిల్ వచ్చేసరికి ఎండి బీటలు వారతాయి, గుంత ఉండీ లేనట్టే.

పాత ఇంట్లో ఆర్‌సీసీబీ పడటానికి నేను చూసినవి రెండు. తడి తగిలి ఇన్సులేషన్ పోయిన వైరు. లేదా ఒకరి న్యూట్రల్ ఇంకొకరు అప్పు తీసుకోవడం. వెనకటి పనివాళ్లు దగ్గర్లో ఏ న్యూట్రల్ కనబడితే దానికి కలిపేవాళ్లు, బల్బు వెలిగిందా లేదా అన్నదే చూసేవాళ్లు. ఏఎఫ్‌డీడీకి కూడా ఇదే బాధ, సర్క్యూట్ ఫేజూ న్యూట్రలూ రెండూ దాని గుండానే పోవాలి.

అందుకే ఒక్క రూపాయి కూడా బోర్డు మీద పెట్టకముందు వైర్లను మెగ్గర్ వేయించండి. 500 వోల్టుల మెగ్గర్, అంటే వైరు ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు. మెయిన్ కట్ చేసి, బల్బులు, ప్లగ్గులు అన్నీ తీసేసి, స్విచ్‌లు ఆన్‌లో పెట్టి, ఒక్కో సర్క్యూట్‌కు ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మధ్య చూడాలి. ఒక మెగా ఓం కంటే తక్కువ వస్తే ఆ వైరు పని అయిపోయింది. కొత్త వైరు వందల్లో చూపిస్తుంది. వరదలో మునిగిన ఇల్లు అన్నారు కాబట్టి కింది గదుల మీదే నా అనుమానం. గంట పని. మీ ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ లేకపోతే మోటర్ వైండింగ్ షాపులో దొరుకుతుంది, అడిగి తెచ్చుకోమనండి.

అన్నట్టు, కొత్త డీబీని పడమటి గోడకు, ఎండ తగిలే చోట పెట్టించకండి. ఎంసీబీని 30 డిగ్రీల లెక్కతో తయారుచేస్తారు. పెట్టె లోపల 50 దాటిందంటే రేటింగ్ కంటే ముందే పడుతుంది, అప్పుడు మళ్లీ "ఊరికే పడుతోంది" అంటారు.

హంద్రీ గట్టు కోడలు, కర్నూలు:

మూడు వారాలైంది, అప్‌డేట్ రాస్తానన్నాను కదా.

మెగ్గర్ వేయించాం. మా ఎలక్ట్రీషియన్ మొదట్లో గొణిగాడు గానీ, ముల్లు కదలడం చూశాక అతనికే హుషారు వచ్చింది. పైగది, నలభై ఏళ్లు దాటిన టేకు పట్టీల వైరు, 20 పైన చూపించింది! ముందు హాలు 3. వంటిల్లు 0.4. వెనక గది, అదే మా ఏసీ గది, 0.2. సామాన్ల గది దగ్గర ముల్లు సున్నా మీదే పడుకుంది.

సామాన్ల గది జంక్షన్ బాక్స్ మూత తీశాం. లోపల వైర్లు కనబడలేదు. మట్టి. గట్టిపడిన నల్ల ఒండ్రు, బాక్సు ఆకారంలో అచ్చు పోసినట్టు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెళ్లలుగా రాలింది, దాని మధ్యలో అతుకుల మీద రాగి పచ్చగా పట్టిపోయి ఉంది. మా అత్తమ్మ వచ్చి ఆ పెళ్లను చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. ఆ ఏడు మేం పారలతో పది రోజులు ఎత్తిపోశాం ఈ మట్టిని, ఇంటికి సున్నం వేసి, దేవుడి పటాలు కొత్తవి కొని, అంతా అయిపోయిందనుకున్నాం. "ఇంకా పోలేదా ఇది మన ఇంట్లోంచి" అంది.

వానలు పడిన రోజుల్లో వంటింటి లైటు ఎందుకు వణికేదో ఇప్పుడు అర్థమైంది. మేం వోల్టేజీ అని డిస్కం వాళ్లను తిట్టుకునేవాళ్లం.

దాంతో లెక్క మొత్తం మారింది. నేను మొదట అనుకున్నట్టు బోర్డు మార్చి, ఖరీదైన బ్రేకర్లు పెట్టి, ఈ వైర్లను వాటికి తగిలించి ఉంటే? ఒండ్రులో ఉన్న అతుకులకు కొత్త పెట్టె కట్టినట్టయ్యేది. కింది మూడు గదులకు పాత పైపుల్లోంచి వైర్లు లాగేసి, పైపులు కడిగి, రెండు చోట్ల పగలగొట్టి, కొత్త వైర్లు వేశాం. లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, ఏసీకి, గీజరుకు విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్లు. ఎర్త్ అన్ని సాకెట్లకూ. కొత్త డీబీ హాలు లోపలి గోడకు పెట్టించాం, 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీతో. మొత్తం 61 వేలయింది, ఆ పదకొండు వేలు మా ఆయన చీటీ పాటలోంచి వచ్చాయి. మూడు పోగుల పాపం అలా కడుక్కున్నాడు.

పైగదికి ఎర్త్ ఒక్కటే కొత్తగా లాగాం, మిగతా వైరింగ్ పాతదే. దానికి మాత్రం ఒక ఏఎఫ్‌డీడీ పెడదామా అని ఆలోచన. చెక్క పట్టీ మీద వైరు కదా, భయం. పెడితే అక్కడ పెట్టాలా, కొత్త వైర్లున్న పడకగదికి పెట్టాలా?

తమ్ముడి సంగతి కూడా తేలింది. పాత సర్క్యూట్లకు వాళ్ల ఊళ్లో అక్కర్లేదన్నారు, పిల్లల గదికి కొత్తగా లాగే రెండింటికి కావాలన్నారు, సర్జ్ ప్రొటెక్షన్ ఎటూ తప్పదన్నారు. కొటేషన్ తగ్గింది. వాడికి మిగిలిన డబ్బులో నాకు వాటా ఇమ్మంటే నవ్వుతున్నాడు.

కడప తిరిగొచ్చినోడు, కడప:

డబ్బు ఒక్కదానికే ఉంటే పైగదికే పెట్టండి. కోడ్‌లు కొత్త సర్క్యూట్లకు అడుగుతాయి, ఎందుకంటే కొత్త పనినే నియంత్రించగలవు. కానీ ఆ పరికరానికి నిజంగా పని దొరికేది పాత వైరు, ఎండిన చెక్క ఉన్న చోటే. మెగ్గర్‌లో 20 రావడం మంచిదే, అయితే ఇన్సులేషన్ బాగుంటే స్క్రూలు బిగువుగా ఉన్నట్టు కాదు. అది వేరుగా చూడాలి. ఇంకో సంగతి, ఏఎఫ్‌డీడీ ప్రమాణం ప్రకారం 2.5 ఆంపియర్ల నుంచే ఆర్క్‌ను పట్టుకోవాలి. పైగదిలో ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు మాత్రమే ఉంటే అంత కరెంటే పారదు, దాని డబ్బు దండగ. ఇస్త్రీ పెట్టె, హీటరు లాంటివి వాడేట్టయితే పెట్టండి.

హంద్రీ గట్టు కోడలు, కర్నూలు:

ఇస్త్రీ అక్కడే చేస్తాం సార్. ఆర్డర్ ఇస్తాం. డీబీలో రెండు మాడ్యూళ్లు ఖాళీ పెట్టించాను.

ఇప్పుడు కొత్త తలనొప్పి. ఆర్‌సీసీబీ పగలంతా బుద్ధిగా ఉంటుంది. రోజూ తెల్లవారుజామున నాలుగూ యాభై, ఐదు మధ్య ఠక్కున పడుతుంది. నాలుగు రోజులుగా ఇదే. ఆ టైముకు మా ఇంట్లో ఎవరూ లేచి ఉండరు, ఏ మోటరూ నడవదు. పైకి లేపితే కాసేపు నిలవదు, ఐదున్నరకు లేపితే మళ్లీ మరుసటి తెల్లారి దాకా నిలుస్తుంది. మా ఎలక్ట్రీషియన్ "నేను ముందే చెప్పానా లేదా" అన్నట్టు చూస్తున్నాడు. అత్తమ్మ దిష్టి తీయించమంటోంది.

సీమ వైర్‌మ్యాన్, అనంతపురం:

దిష్టి వద్దు. అక్కా, ఆరో ఫ్యూజు ఏమైంది?

హంద్రీ గట్టు కోడలు, కర్నూలు:

ఎక్కడికి పోతుందో దొరకలేదు. తీసేస్తే ఏమవుతుందోనని భయపడి దాన్ని కొత్త డీబీలో 6 ఆంపియర్ల ఎంసీబీకి కట్టాడు.

సీమ వైర్‌మ్యాన్, అనంతపురం:

ఎక్కడికి పోతుందో తెలియని వైరుకు కరెంటు ఇస్తారా ఎవరైనా? రేపు పొద్దున నాలుగున్నరకు లేచి, ఆ ఒక్క ఎంసీబీ దించి, మిగతావి ఉంచి చూడండి. ఆర్‌సీసీబీ పడకపోతే దొంగ అదే. ఆ వైరు గోడలోంచి ఏ వైపు పోతోందో పట్టుకుని నడవండి. మీ ఇంటి అవతలి గోడ ఎవరిది?

హంద్రీ గట్టు కోడలు, కర్నూలు:

దొరికింది!

అవతలి గోడ మా చిన్నమామయ్య వాళ్లది. 1996లో అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు ఇంటికి అడ్డంగా గోడ కట్టారు, వాళ్లు వేరే మీటరు తీసుకున్నారు. పొద్దున నాలుగున్నరకు ఆ ఎంసీబీ దించి కూర్చున్నాను. ఐదుకు ఐదు నిమిషాలుందనగా గోడ అవతల నుంచి మా చిన్నత్తమ్మ గొంతు, "ఏమే, బాత్రూంలో లైటు పోయింది" అని.

వాళ్ల బాత్రూం లైటు ఒక్కటి ఇన్నేళ్లూ మా మీటరు మీద వెలుగుతోంది. ఫేజు మా ఇంటిది, న్యూట్రల్ వాళ్ల ఇంటిది. ఆమె తెల్లారే లేచి స్నానానికి వెళ్లి స్విచ్ వేయగానే మా ఆర్‌సీసీబీ లెక్క తప్పుతోంది. 9 వాట్ల బల్బు అని చూసి, ఇంత చిన్నదానికి పడుతుందా అని మా ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, అతనే ఫోన్‌లో లెక్క వేసి చూపించాడు. 9ని 230తో భాగిస్తే దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు, మన హద్దు 30. లెక్క చెబుతూ అతని ముఖం వెలిగిపోయింది, ఇక నుంచి ప్రతి ఇంటికీ ఆర్‌సీసీబీ పెడతాడట.

ఆ వైరు కత్తిరించి, వాళ్ల బల్బును వాళ్ల బోర్డుకే కలిపించాం. ఖర్చు 180 రూపాయలు, చిన్నమామయ్య ఇచ్చాడు. ఇన్నేళ్ల కరెంటు బిల్లు గురించి మాత్రం ఇంకా ఎవరూ నోరెత్తలేదు. అత్తమ్మ ఆదివారం వాళ్లను భోజనానికి పిలిచింది, అప్పుడు అడుగుతుందేమో చూడాలి.